మా చినమావయ్య థర్డ్ పార్టీ అయిన వైనం

ఆ రోజుల్లో, అంటే మరీ రాజులూ రథాలూ తిరిగిన రోజులు కావు, అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజులే, కారుకి బీమా చేయించాలంటే మనిషికి మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవలసి వచ్చేది. ఇప్పుడైతే ఫోనులో నాలుగు గళ్ళు నొక్కితే పాలసీ వచ్చి ఒళ్ళో పడుతోంది. ఏ గడికి ఏమిటి అర్థమో నొక్కినవాడికి తెలియదు, నొక్కించుకున్నవాడికి అక్కర్లేదు. ఎంత ప్రశాంతం! మాకు ఆ అదృష్టం లేదు. ఒక టేబులు, దాని మీద ప్లాస్టిక్ పువ్వుల కుండీ, ఆ కుండీ వెనక మెడకి ఊపిరాడకుండా స్కార్ఫు బిగించుకున్న ఒక అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి సర్వజ్ఞురాలు. కారుకి ఎన్ని రకాల ఆపదలు రావచ్చో, ఏ ఆపద మీద ఏ కవరేజీ కప్పాలో ఆమెకి తెలియనిది లేదు, కారు నడపడం ఒక్కటి తప్ప. ఆ అమ్మాయిని నేనే.

డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా కూర్చుంటే సంబంధాలు చూసేస్తారేమోనన్న భయంతో (ఆ భయానికి ఏ కంపెనీ కవరేజీ ఇవ్వదు) శ్రీకాకుళం దగ్గర హైవే పక్కనున్న ఒక కార్ల షోరూములో బీమా టేబులు దగ్గర ఉద్యోగానికి చేరాను. మా మేనేజరుని అందరం చాటుగా 'టార్గెట్ గారు' అనేవాళ్ళం. గుడ్ మార్నింగ్ అంటే "ఈ నెల ఎంతవరకు వచ్చిందమ్మా?" అని బదులిచ్చే మర్యాదస్తుడు. ఆయన నాకిచ్చిన శిక్షణంతా ఒక్క మాటలో అయిపోయింది. "కస్టమర్ని నవ్వుతూ భయపెట్టాలమ్మా. భయపడకపోతే కొనడు, నువ్వు నవ్వకపోతే కూర్చోడు." ఒక రంగుల కరపత్రం చేతిలో పెట్టి బట్టీ పట్టమన్నారు. పట్టాను. ఇంట్లో అద్దం ముందు నిలబడి, "సార్, థర్డ్ పార్టీ అంటే మీ వాహనం వల్ల బయటివారికీ, వారి ఆస్తికీ జరిగే నష్టానికి రక్షణ. ఇది చట్టప్రకారం తప్పనిసరి. ఓన్ డ్యామేజ్ అంటే మీ సొంత వాహనానికి జరిగే నష్టానికి రక్షణ. ఇది మీ ఇష్టం. రెండూ కలిపి తీసుకుంటే కాంప్రహెన్సివ్" అని చిరునవ్వుతో సహా అప్పజెబుతుంటే, మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఎవుడితోనే ఆ మాటలు? ఆ సారెవుడే?" అంది. నేను అద్దంతో మాట్లాడుతున్నానని తెలిశాక ఆవిడ భయం తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది.

ఇక మా మావయ్యల సంగతి చెప్పాలి. మా అమ్మ ఇంటికి పెద్దది. ఆవిడ తర్వాత పెద్దమావయ్య, ఆయన తర్వాత చినమావయ్య. ఇద్దరూ నరసన్నపేటకి కాస్త లోపలగా ఉన్న మా అమ్మమ్మగారి ఊళ్ళో వరి పండించే రైతులు. పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒక గోడ. వాటాలు పంచుకున్నప్పుడు చెరో సగం వేసుకుని కట్టించిన గోడ అది. చెరో సగం వేసుకున్న గోడ ఇద్దరిదీ అవుతుందని మీరు అనుకుంటున్నారంటే మీకు అన్నదమ్ములు లేరన్నమాట. "పునాది రాయి నాను తోలించేను, గోడ నాది" అని పెద్దమావయ్య. "సిమెంటు నాది. సిమెంటు నేకపోతే నీ రాయి నిలబడతాదేటి?" అని చినమావయ్య. పెద్దమావయ్య వైపు వేసిన ఆనప పాదు గోడ ఎక్కి చినమావయ్య వైపు కాయ కాస్తే, ఆ కాయ ఎవరిదన్న చర్చ తేలేలోగా కాయ ముదిరి బుర్ర అయిపోయింది. ఇద్దరికీ మాటల్లేవు, తిట్లు మాత్రమే ఉండేవి. రోజూ పొద్దున్న పళ్ళు తోముకుంటూ గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి "కేసెట్టేస్తాన్రా" అంటే "ఎట్టుకో" అనుకోవడం, కాఫీ తాగడం లాంటి అలవాటైపోయింది. ఒకరోజు ఎవరైనా అనకపోతే ఆ మనిషికి ఒంట్లో బాగులేదేమోనని అత్తయ్యలు కంగారు పడేవారు.

ఇలా ఉండగా చినమావయ్య ట్రాక్టరు కొన్నాడు. దానికి జవాబుగా పెద్దమావయ్య కారు కొనడానికి నిశ్చయించుకున్నాడు. కారు ఆయనకి అవసరమా అని ఎవరూ అడగలేదు. ట్రాక్టరు మోత గోడ దాటి వినబడుతున్నప్పుడు అవసరం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? నరసన్నపేటలో డ్రైవింగు నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు, తెల్లపంచె కట్టుకుని మా అమ్మని వెంటబెట్టుకుని నా షోరూముకే వచ్చాడు. పనసకాయ పండిందో లేదో చూసినట్టు ప్రతి కారునీ వేళ్ళతో తట్టి చూసి, చివరికి ఒక తెల్ల కారు మోగిన మోతకి తృప్తి పడ్డాడు. అప్పు అక్కర్లేదు, రొక్కమే అన్నాడు. టార్గెట్ గారి ముఖం వెలిగిపోయింది. "మీ మావయ్యగారే కదమ్మా, ఫుల్ కవరేజీ నీ బాధ్యత" అని నాకు అప్పగించి, వినబడేంత దూరంలో నిలబడ్డారు.

"సార్, మీ విలువైన వాహనానికి సమగ్ర రక్షణ కల్పించడమే మా..." అని మొదలుపెట్టాను.

"సారేటే? మీ మావని పట్టుకుని సారంతావేటే?" అన్నాడు పెద్దమావయ్య.

"మేనేజరు గారు చూస్తున్నారు మావయ్యా. కాసేపు అననీ." గొంతు తగ్గించి బతిమాలాను.

"సరే, అనుకో. ఇంతకీ ఈ థర్డ్ పార్టీ ఏటి? మొదటోడెవుడు, రెండోవోడెవుడు?"

ఈ ప్రశ్న కరపత్రంలో లేదు. అయినా నేను తడుముకోలేదు. "మొదటి పార్టీ నువ్వు. రెండోది కంపెనీ. మూడోవాడంటే నీకు ఏ సంబంధమూ లేని పరాయి మనిషి. నీ కారు వల్ల ఆ మనిషికి దెబ్బ తగిలినా, ఆ మనిషి వస్తువు పాడైనా కంపెనీ ఇచ్చుకుంటుంది" అన్నాను.

పెద్దమావయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అంటే డబ్బులు కట్టీది మొదటోడు, ఎనకేసుకునీది రెండోవోడు, తినీది మూడోవోడు. మరి నాకేటొస్తాది?"

"అందుకే మావయ్యా, ఓన్ డ్యామేజ్ కూడా తీసుకోవాలి. ఇప్పుడు నువ్వు వెళ్తూ వెళ్తూ ఎవరిదో గోడని గుద్దేవనుకో. థర్డ్ పార్టీ ఉంటే ఆ గోడకి ఇస్తారు. నీ కారు ముందుభాగం అప్పడం అయిపోతుంది చూడు, దానికి ఇవ్వాలంటే ఓన్ డ్యామేజ్ ఉండాలి."

"ఓసి నీ నోరు పడ! బండి ఇంకా గుమ్మం దాటనేదు, అప్పుడే గోడకి గుద్దించేసేవేటే? అప్పా, సూడు నీ కూతురి నోరు!" అన్నాడు. మా అమ్మ నా వైపు చూసిన చూపుకి కూడా ఏ పాలసీలోనూ రక్షణ లేదు. అయినా నేను నవ్వుతూ భయపెట్టడం ఆపలేదు. తుఫానులో చెట్టు విరిగి మీద పడితే? "సెట్టు కింద ఎందుకు ఎడతాను?" వరద నీళ్ళలో ఇంజను పాడైతే దానికి వేరే రక్షణ ఉంది మావయ్యా. "ఈదిలో నీళ్ళుంటే ఇంట్లో తొంగుంటాను గానీ బండి తీస్తానేటి?" ప్లాస్టిక్ భాగాలు పాతబడ్డాయని క్లెయిములో కోత కోయకుండా జీరో డెప్ ఉంది. "కొత్త బండి కొంటంటే పాత మాటలెందుకే?" పోనీ దొంగలెత్తుకుపోతే? ఇక్కడ మాత్రం ఆయన ఆగి, గంభీరంగా అన్నాడు. "మా ఈదిలో దొంగ మా తమ్ముడొక్కడే. ఆడికి ట్రాక్టరు తప్ప నడపడం రాదు."

చివరికి ఒక్క మాటలో తేల్చేశాడు. "సట్టం ఏది అడిగిందో అది రాసేయ్. సట్టం అడగనిది నాను ఎవుడికీ ఇయ్యను." చట్టం అడిగినది థర్డ్ పార్టీ, దానితోపాటు నడిపే యజమానికి పర్సనల్ యాక్సిడెంట్ కవరు. ఆ రెండోది ఎప్పుడిస్తారని అడిగితే ఎలా చెప్పాలో తెలియక కరపత్రం తిరగేశాను. ఆయనే అర్థం చేసుకుని "సరేలే, అది మీ అత్తకి" అన్నాడు ఉదారంగా. టార్గెట్ గారు గాజు తలుపు అవతలికి వెళ్ళి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. సొంత మావయ్యకే అమ్మలేని పిల్ల పరాయివాళ్ళకేం అమ్ముతుందన్న ప్రశ్న ఆ వీపు మీద స్పష్టంగా కనబడింది. నెలాఖరుకి నా ఉద్యోగం ఉంటుందో లేదో అన్న గుబులు అక్కడే పట్టుకుంది.

డెలివరీ రోజున నాకు సెలవు ఇచ్చారు, కారుతో పాటు ఊరెళ్ళమని. (నా ముఖం ఒకరోజు చూడకుండా ఉండడానికి ఇచ్చారని తర్వాత తెలిసింది.) ముందు పెద్దమావయ్య, పక్కన నేను, వెనక మా అమ్మ, ఆవిడ ఒళ్ళో మిఠాయి డబ్బా. హైవే మీద ఆయన నడిపిన తీరుని మాత్రం తప్పు పట్టలేం. లారీలు, బస్సులు, ఆటోలు, చివరికి గడ్డిమోపు కట్టిన ఒక సైకిలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. "తొందరేటి? బండి మనదే, రోడ్డు మనదే" అన్నాడు. నరసన్నపేట దాటి ఊరి రోడ్డెక్కేసరికి ఆయన భుజాలు కాస్త వెడల్పయ్యాయి. వీధి మలుపు తిరగ్గానే చూస్తే జనం అందరూ బయటే ఉన్నారు. పెద్దత్త ఎర్రనీళ్ళ పళ్ళెంతో గేటు పక్కన నిలబడి ఉంది. దిష్టికి కొట్టాల్సిన గుమ్మడికాయ గట్టు మీద సిద్ధంగా ఉంది. పక్కింటి అరుగు మీద చినమావయ్య చేతులు కట్టుకుని నిలబడి, కారు వంక తప్ప ప్రపంచంలో ఉన్న ప్రతిదాని వంకా చూస్తున్నాడు.

అది చూశాక పెద్దమావయ్య మామూలుగా లోపలికి తిప్పుకుని ఉంటే ఈ కథ లేదు. తమ్ముడు ఎలాగైనా తిరిగి చూడాలని ఆయన పట్టుదల. హారను ఒకసారి కొట్టాడు. తమ్ముడు కొబ్బరిచెట్టు చూస్తున్నాడు. రెండోసారి కొట్టాడు. తమ్ముడు కాకిని చూస్తున్నాడు. "సూడ్డేటి ఈడు, సూడ్డేటి!" అంటూ ఒక్కసారిగా స్టైలుగా గేటులోకి తిప్పి, బ్రేకు అనుకుని పక్కదాన్ని తొక్కాడు. పెద్దత్త పళ్ళెం వదిలేసి గట్టెక్కింది. కారు గేటు పక్కకి ఒరిగి, సరిగ్గా ఆ రెండిళ్ళ మధ్య గోడని, వీధి వైపు మొదట్లోనే కుమ్మింది. గోడ ఒక క్షణం ఆలోచించి, ఎటు పడాలో తేల్చుకున్నట్టు మెల్లగా చినమావయ్య వాకిట్లోకి పడిపోయింది. పునాది రాయీ సిమెంటూ కలిసే పడ్డాయి. చినమావయ్య చూశాడు.

దుమ్ము తగ్గాక చూస్తే ఎవరికీ గీత కూడా పడలేదు. కారు ముందు దీపం ఒకటి ఊడి, వైరు పట్టుకుని వేలాడుతోంది. బంపరు నేల మీద ఉంది. బానెట్టు కొండలా పైకి లేచింది. వాన లేకపోయినా వైపర్లు మాత్రం శ్రద్ధగా తిరుగుతున్నాయి. వెనక సీట్లో మా అమ్మ లడ్డూల్లో నడుం వరకు మునిగి "ఓలమ్మ, ఓలమ్మ" అంటోంది. పెద్దమావయ్య స్టీరింగు వదలకుండా, తల తిప్పకుండా నన్ను అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తే.

"ఏటే, ఇప్పుడిది ఏ పార్టీ?"

నా చదువంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగింది. టార్గెట్ గారికి ఫోను చేశాను. ఆయన ఎంతో ఓర్పుగా విన్నారు. కారుకి ఏమీ రాదు, ఓన్ డ్యామేజ్ వద్దన్నారు కదా అన్నారు, మాటలో ఒక చిన్న తియ్యదనంతో. "గోడ ఎవరిదమ్మా? మీ పెద్దమావయ్యదే అయితే దానికీ రాదు. సొంత ఆస్తి థర్డ్ పార్టీ కిందికి రాదు. తమ్ముడిదైతే వస్తుంది. కాకపోతే ఆ తమ్ముడు పోలీసు రిపోర్టిచ్చి, మీ పెద్దమావయ్య మీదా కంపెనీ మీదా కలిపి ట్రిబ్యునల్లో కేసు వేసుకోవాలి. అప్పుడు కంపెనీ కడుతుంది." ఆ మాట నేను గట్టిగానే అందరికీ తిరిగి చెప్పాను. చెప్పేటప్పుడు, ఇంత కాలానికి నా చదువు ఈ కుటుంబానికి ఉపయోగపడుతోందన్న గర్వం కూడా కలిగింది. ఏదో ఒకటి రాబట్టి చూపిస్తే ఉద్యోగం కూడా నిలబడుతుందని ఆశ.

ఆ తర్వాత జరిగింది ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్దమావయ్య కారు దిగి, పంచె సరిచేసుకుని, పడిన గోడ మీదుగా నడిచి, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి తమ్ముడి వాకిట్లో కాలుపెట్టి, వీధంతా వినేలా ప్రకటించాడు.

"ఆ గోడ మా తమ్ముడిది. మొదట్నించీ ఆడిదే. నానేదో నోటిమాటకి నాదన్నాను గానీ, ఆడిదే."

చినమావయ్య అరుగు దిగలేదు. ఆయన ముఖంలో ఆనందం వస్తుందని నేను ఎదురుచూశాను. అనుమానం వచ్చింది. "ఇన్నాళ్ళూ రాయి నాది, పునాది నాదన్నోడు, గోడ పడ్డాక నీదే తీసుకోమంతన్నాడంటే ఏటో మతలబు ఉన్నాది" అన్నాడు జనంతో. తర్వాత అన్న వైపు తిరిగి తేల్చేశాడు. "ఆ గోడ నాకొద్దు. అది నీదే. రాయి నీదే కదా!"

"రాయిదేటుందిరా, సిమెంటు నేకపోతే రాయి నిలబడతాదేటి? గోడ నీదే!"

"సిమెంటుదేటుంది? పునాది ముఖ్యం. గోడ నీదే!"

ఇన్నేళ్ళ వాదన అటుదిటు, ఇటుదటు మారిపోవడంతో వినేవాళ్ళకి ఎవరి పక్షాన నిలబడాలో తెలియక కంగారు పుట్టింది. పెద్దమావయ్య గొంతు బతిమాలే స్థాయికి దిగింది. "బాబ్బాబు, నా మీద కేసెట్రా. రోజూ ఎట్టేస్తానంతావు కదా, ఇయ్యాల ఎట్టు."

"ఎట్టను! నువ్వు ఎట్టమంటే నాను ఎట్టాలేటి? నాకిష్టమొచ్చినప్పుడు ఎడతాను."

ఇక్కడ నేను రంగప్రవేశం చేశాను. చెయ్యకపోయినా బాగుండేది, కానీ స్కార్ఫు మెడలో ఉంది, కరపత్రం నాలుక మీద ఉంది. చినమావయ్య దగ్గరికి వెళ్ళి, కస్టమర్ నవ్వు నవ్వి, "చినమావయ్యా, ఇందులో మతలబు ఏమీ లేదు. పాలసీ ప్రకారం నువ్వు థర్డ్ పార్టీవి, అంతే" అన్నాను.

"అంటే?"

"అంటే మూడో మనిషి. పెద్దమావయ్యకి ఏ సంబంధమూ లేని పరాయి మనిషి."

అప్పటిదాకా పోట్లాటకి కావలసినంత గట్టిగా ఉన్న చినమావయ్య, ఎవరో కింద నుంచి రాయి లాగేసినట్టు అరుగు మీద కూర్చుండిపోయాడు. "నాను పరాయోణ్ణా?" అన్నాడు. కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. "గోడకోసం తిట్టుకున్నాం, నిజమే. ఆనపకాయకోసం తిట్టుకున్నాం. దొంగని అన్నాడంట షోరూములో, అదీ ఎవుడో సెప్పేడు. ఊరుకున్నాను. తిట్టుకునీది అన్నదమ్ములు కాక ఇంకెవుళ్ళు? ఇప్పుడు కాగితం మీద సంబంధం నేని మనిషని రాయించేసేడా? ఎప్పుడు రాయించేడు?"

"రాయనేదురా!" అన్నాడు పెద్దమావయ్య. ఆయన కళ్ళల్లోకి అంత తొందరగా నీళ్ళు ఎలా వచ్చాయో నాకు తెలియదు. "నీమీదొట్టు, నాను రాయనేదు. ఈ గుంట రాసింది!"

అందరూ నన్ను చూశారు. ఆ క్షణంలో నాతో ఎవరికీ సంబంధం ఉన్నట్టు కనబడలేదు. నిజానికి అక్కడ అసలైన థర్డ్ పార్టీని నేనే. "అలా పేర్లేవీ రాయరు మావయ్యా, అదొక మాట, చట్టంలో మాట" అని మొదలుపెడితే నా నోట కరపత్రం తెలుగు పోయి, "మూడోవోడంటే తప్పుమాట కాదు, నాను సెప్తన్నాను కదా" అని ఇంటి మాట వచ్చేసింది. అదీ ఎవరూ వినలేదు. అప్పుడు లడ్డూలు దులుపుకుంటూ మా అమ్మ కారు దిగి వచ్చింది. తమ్ముళ్ళిద్దరినీ చూసింది. "ఏటయిపోయిందిప్పుడు? మూడోవాడంది. మూడోవాడే కదా! అమ్మకి నాను మొదట, నువ్వు రెండు, ఆడు మూడు. దానికెందుకురా ఈ ఏడుపులు?" అంది.

పెద్దమావయ్య ఆ మాటని రెండు చేతులా పట్టుకున్నాడు. "అదే, అదే! అమ్మకి మూడోవోడు. అందుకే ఆ మాట అన్నాది గుంట." చినమావయ్య నమ్మలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. అయినా నమ్మినట్టు తల ఊపాడు. "అలగైతే సరే. కేసు మాత్రం ఎట్టను. పరాయోణ్ణని కోర్టులో సెప్పుకుని తెచ్చిన డబ్బులతో గోడెందుకు నాకు?" అన్నాడు. "ఒద్దులే, ఎట్టొద్దు" అన్నాడు పెద్దమావయ్య. అంతటితో నా జీవితంలో మొదటి క్లెయిము, మొదలవకుండానే ముగిసిపోయింది. పెద్దత్త మాత్రం జనంలో ఒకరిని పిలిచి, "ఇంతకీ గుమ్మడికాయ కొట్టాలా ఒద్దా?" అని అడిగింది. ఆ రాత్రి రెండిళ్ళలోనూ దాని పులుసే.

కారు బాగుచేయించడానికి పెద్దమావయ్య తన చేతి డబ్బే పెట్టుకున్నాడు. గోడ సంగతే తెమల్లేదు. ఎవరు కట్టిస్తే గోడ వాళ్ళదని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి, "నీ గోడ నువ్వు కట్టుకో" అంటే "నీ గోడే, నువ్వే కట్టుకో" అని ఇద్దరూ ఒకరికొకరు దానం చేసుకుంటూ వచ్చారు. ఈలోగా తెలిసిందేమిటంటే పెద్దమావయ్య వాకిట్లో కారు తిప్పుకోవడానికి చోటు చాలదు. గోడ పడిన సందులోంచి తమ్ముడి వాకిట్లోకి పోనిచ్చి, అక్కడి గేటులోంచి బయటికి తీస్తేనే వీలవుతుంది. చినమావయ్య గొణుక్కుంటూనే ఆవుని కట్టే రాట పీకి అవతల పాతుకున్నాడు. పొద్దున్నే తిట్టుకోవడం మాత్రం మానలేదు. కాకపోతే ఇదివరకు గోడ మీంచి వినబడేలా అరవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎదురెదురుగా ముక్కాలిపీటలు వేసుకుని, గొంతుకి శ్రమ లేకుండా, కాఫీ తాగుతూ తిట్టుకునే సౌకర్యం కలిగింది.

నా ఉద్యోగం కూడా చిత్రంగా నిలబడింది. కారు రిపేరై రాగానే పెద్దమావయ్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షోరూముకి వచ్చాడు. "ఎన్ని రకాలున్నాయో అన్నీ రాసేయ్" అన్నాడు. దెబ్బతిన్న కారు కాబట్టి ముందు మనిషిని పంపి పరీక్ష చేయించాలన్నాను. చేయించుకున్నాడు. సొంత నష్టం, జీరో డెప్, ఇంజను, దారిలో ఆగిపోతే వచ్చి లాక్కెళ్ళేది, తాళం పోతే ఇచ్చేది, ఒక్కటీ వదల్లేదు. టార్గెట్ గారు తన సొంత కుర్చీ తెచ్చి ఆయనకి వేశారు. సంతకం పెట్టే ముందు పెద్దమావయ్య ఒక్క సందేహం అడిగాడు. "మా తమ్ముడు నడిపి గుద్దితే వస్తాదా?" లైసెన్సు ఉంటే వస్తుందన్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లైసెన్సు తెచ్చుకున్న వారంలోనే చినమావయ్య బంపరుని కళ్ళం గట్టుకి రాసేశాడు. క్లెయిము వచ్చింది, జీరో డెప్ పుణ్యమా అని కోత పెద్దగా లేకుండా వచ్చింది. ఆ రోజు రెండిళ్ళలో చేసిన సందడి నేను కోతల రోజుల్లో కూడా చూడలేదు. "నాను గుద్దితే నయాపైసా రానేదు, ఆడు గుద్దితే వచ్చింది. ఆడి చెయ్యి మంచిది" అని పెద్దమావయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

నేను ఇప్పుడు విజయనగరంలో ఒక బీమా ఆఫీసులో క్లెయిముల టేబులు దగ్గర కూర్చుంటున్నాను. కారు నడపడం కూడా వచ్చింది. రోజూ ఎవరో ఒకరు వచ్చి, అన్నీ ఉన్నాయనుకున్నాం మేడమ్ అంటారు. ఏవి ఉన్నాయో ఏవి లేవో చెప్తాను. చెప్పే ముందు ఎదుటి మనిషి ముఖం ఒకసారి చూడడం మాత్రం ఆ కరపత్రంలో లేని విద్య, అది ఆలస్యంగా వచ్చింది.

మొన్న పంట చేతికొచ్చాక ఊరు రమ్మంటే బస్సులో వెళ్ళాను. నరసన్నపేటలో దిగేసరికి అదే తెల్ల కారు, ఇప్పుడు తెలుపు కాస్త పాలిపోయి, నాకోసం వచ్చి ఆగి ఉంది. స్టీరింగు దగ్గర చినమావయ్య, పక్క సీట్లో పెద్దమావయ్య. ఆయనకి చూపు మందగించి నడపడం మానేశాడు, నడిపించడం మానలేదు. నేను వెనక కూర్చున్నాను.

"గేరు మార్చరా, గేరు మార్చు, అది ఏడస్తన్నాది."

"నాకు తెల్దేటి? నువ్వు గోడ గుద్దినోడివి, నాకు సెప్తావేటి?"

"నాను గుద్దబట్టే కదరా నీకు తిప్పుకోడానికి చోటొచ్చింది!"

ఎదురుగా లారీ వస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ పోట్లాడుకుంటున్నారు. ఆ వయసులో అయితే, ఆ స్కార్ఫు పిల్ల అయితే, ముందుకి వంగి, చక్కగా నవ్వుతూ, నడిపేవారికి ఒక రకం, పక్కన కూర్చున్నవారికి ఇంకో రకం కవరేజీ ఉంటుందని ఇద్దరికీ విడివిడిగా వివరించి ఉండేది. పాపం, ఎంత తెలుసనుకునేది! నేను సీటు బెల్టు లాగి పెట్టుకుని, కిటికీ అద్దం కాస్త దించి, కోసిన మళ్ళ వాసన పీలుస్తూ నోరు మూసుకుని కూర్చున్నాను. లారీవాడే, మా సంగతి తెలిసినట్టు, పక్కకి తప్పుకుని దారిచ్చాడు.